తాత పేరున్న ఇల్లు

మనలో ప్రతి మనిషికీ ఒక ఇంటిపేరు ఉంటుంది. మావోరీలలో ఊరుమ్మడి ఇంటికి ఒక మనిషి పేరు ఉంటుంది. ఆ మనిషి ఆ తెగకు మూలపురుషుడో, మూలపుటమ్మో అయి ఉంటారు. ఆ ఇంటి గురించి మాట్లాడేటప్పుడు ‘అది’ అని కాకుండా ‘ఆయన’, ‘ఆమె’ అన్నట్టే మాట్లాడతారు. లోపలికి వెళ్లడమంటే తాత ఒళ్లోకి వెళ్లడమే.

న్యూజిలాండ్‌లో ప్రతి మావోరీ తెగకూ, తెగలోని శాఖలకూ ‘మరాయె’ అనే ఉమ్మడి స్థలం ఉంటుంది. ముందు ఖాళీ వాకిలి, దాని వెనక చెక్కడాలతో ఒక పెద్ద ఇల్లు, పక్కన వంటశాల, భోజనశాల. ఆ పెద్ద ఇంటిని ‘ఫరెనుయి’ అంటారు. శుభకార్యమైనా, చావైనా, తగువు తీర్చుకోవాలన్నా అక్కడే చేరతారు. దేశమంతటా ఇలాంటి మరాయెలు వందల్లో ఉన్నాయి. మావోరీ భాషకు 19వ శతాబ్దం మొదలయ్యేదాకా లిపి లేదు. వంశావళి, వలస కథలు, దేవతల కథలు అన్నీ నోటి మీదే నడిచాయి. నోట ఉన్నది చెదిరిపోకుండా వాళ్లు కర్రకూ, అల్లికకూ, రంగుకూ అప్పగించారు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, మా నగరంలో తెలుగువాళ్లం సొంత భవనం గురించి కొన్నాళ్లుగా మాట్లాడుకుంటున్నాం. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న మిత్రుల దగ్గరా ఇదే మాట వింటున్నాను. ప్రతి సమావేశంలో పార్కింగ్ ఎంత, కుర్చీలు ఎన్ని, వంటగదికి కౌన్సిల్ అనుమతి వస్తుందా అన్న ప్రశ్నలు వస్తాయి. అవి రావాల్సినవే. ఆ భవనం మన పిల్లలకు ఏ కథ చెబుతుంది అన్న ప్రశ్న మాత్రం రాదు. ఆ ప్రశ్నకు మన పక్కనే ఉన్న మావోరీలు తరతరాలుగా జవాబు కట్టి చూపిస్తున్నారు.

ఇల్లంటే ఒళ్లు

ఫరెనుయి ముందు నిలబడి పైకి చూస్తే కప్పు కొసన ఒక ముఖం కనిపిస్తుంది. దాని పేరు కోరురు. అది ఆ మూలపురుషుడి ముఖం. అక్కడి నుంచి రెండు పక్కలకూ వాలుగా దిగే పలకలు ఆయన చేతులు. ఆ పలకల చివర చెక్కిన చీలికలు వేళ్లు. వచ్చినవాళ్లను రమ్మని చేతులు చాపినట్టు ఉంటుంది ఇంటి రూపం. తలుపు నోరు, కిటికీ కన్ను.

లోపలికి వెళ్లి తల ఎత్తితే ఇంటి పొడవునా ఒకే దూలం. దాన్ని తాహుహు అంటారు, ఆయన వెన్నెముక అది. మన పెంకుటిళ్ల కప్పుకు నడిమి దూలాన్ని కొన్ని చోట్ల వెన్నుగాడి అంటారు కదా, ఆ వెన్నే ఇది. దాని నుంచి దిగే వాసాలు పక్కటెముకలు. మధ్యలో కప్పును మోసే స్తంభాన్ని గుండె స్తంభం అని పిలుస్తారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన సామెత. ఇక్కడ మాత్రం వాసాలు లెక్కపెట్టడమే మర్యాద. ఎందుకంటే వెన్నెముక నుంచి వాసాల మీదుగా గోడ స్తంభాల దాకా దిగే దారి వంశం దిగివచ్చిన దారే.

గోడల పొడవునా నిలిపిన చెక్కిన పలకలను పౌపౌ అంటారు. ఒక్కో పలక ఒక్కో పూర్వీకుడు. ఎవరు ఎవరో తెలిసేందుకు ఆనవాళ్లు ఉంటాయి. చేతిలో గాలం, కాళ్ల దగ్గర చేప ఉంటే అతడు మావుయి. అమ్మమ్మ దవడ ఎముకతో గాలం చేసి, సముద్రం అడుగు నుంచి ఈ దేశపు ఉత్తర ద్వీపాన్ని చేపలా లాగినవాడని కథ. అందుకే ఆ ద్వీపం పేరు ‘మావుయి చేప’. దేశపటం ముందు పెట్టుకుని చూస్తే చేప తల వెల్లింగ్టన్ వైపు, తోక పైన ఉత్తరాన. పటం చూసిన పిల్లవాడు కథ మరిచిపోడు, కథ విన్న పిల్లవాడు పటం మరిచిపోడు.

పలకకూ పలకకూ మధ్య అల్లిన తడికలు ఉంటాయి. వాటి పేరు టుకుటుకు. మొదట చూసినప్పుడు అందమైన జామెట్రీ అనిపిస్తుంది. మెట్లు మెట్లుగా పైకి పోయే నమూనా, జ్ఞానం నింపిన మూడు బుట్టల కోసం స్వర్గానికి ఎక్కిన కథ. నిలువుగా చుక్కలు చుక్కలుగా దిగే మరో నమూనా పేరుకు అర్థం ఆల్బట్రాస్ పక్షి కన్నీళ్లు. దూరదేశం నుంచి చిలగడదుంపలు తెచ్చేందుకు ఒకతను పెద్ద పక్షి మీద ఎగిరొచ్చాడు. దాన్ని సరిగా చూసుకోలేదు. తిరుగుదారిలో అది రాక్షసుడి పాలైంది. మేలు చేసిన జీవిని మరిచినందుకు కారిన కన్నీళ్లు తరతరాలుగా గోడ మీద అలాగే ఉన్నాయి.

స్తంభాలు ఎందుకు మాట్లాడవు?

చెక్కడం అనే విద్య మనుషులకు ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి తూర్పు తీరపు తెగలలో ఉంది. రువాటెపుపుకె అనే అతని కొడుకు సముద్ర దేవుడు టంగరోవాకు కోపం తెప్పించాడు. దేవుడు పిల్లవాడిని పట్టుకుపోయి, నీటి అడుగున ఉన్న తన ఇంటి కప్పు కొసన బొమ్మలా బిగించాడు. తండ్రి వెతుక్కుంటూ సముద్రంలోకి దిగాడు. అక్కడి ఇంటికి చేరేసరికి లోపల మాటలు వినిపించాయి. చూస్తే మనుషులు లేరు. ఇంట్లోని చెక్కిన స్తంభాలే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. తండ్రి ఆ ఇంటికి నిప్పుపెట్టి కొడుకును విడిపించాడు. వస్తూ వస్తూ వసారాలో ఉన్న కొన్ని స్తంభాలు పట్టుకొచ్చాడు. లోపలి స్తంభాలకే మాటలు వచ్చు, వసారా స్తంభాలు మూగవి. అలా భూమి మీదికి వచ్చిన చెక్కడం మూగగానే వచ్చింది.

నాకు ఈ కథ చాలా ఇష్టం. మొత్తం రహస్యమంతా ఇందులోనే ఉంది. స్తంభం మాట్లాడదు. దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. కథను కర్రలో దాచవచ్చు గానీ, కర్ర తనంతట తాను కథ చెప్పదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అయితే, బ్యాకప్ తీసి పెట్టుకోవడం సగం పని. అవసరమైన రోజు దాన్ని తెరిచి చదవగలగడం మిగతా సగం. తెరవడం రాని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తెరిచి చదివే పద్ధతి

మావోరీల గొప్పతనం నాకు ఈ రెండో సగంలో కనిపిస్తుంది. మరాయెలోకి ఎవరూ గబగబా నడిచి వెళ్లిపోరు. అతిథులు గేటు దగ్గర ఆగుతారు. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. అతిథుల వైపు నుంచి మరో స్త్రీ బదులు పలుకుతుంది. ఆ పిలుపుల్లో బతికున్నవాళ్లతో పాటు పోయినవాళ్లకూ పలకరింపు ఉంటుంది. అందరూ మెల్లగా వాకిలి దాటుతారు. ఆ వాకిలి యుద్ధ దేవుడిది, ఇంటి లోపల శాంతి దేవుడిది అని నమ్మకం. వాదం ఉంటే బయటే తేల్చుకోవాలి. తర్వాత ఇరువైపులా పెద్దలు ప్రసంగాలు చేస్తారు, ప్రతి ప్రసంగం వెనకా ఒక పాట. ఆపైన ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకోవడం, చివర భోజనం. చెప్పులు బయట విడవాలి. ఫరెనుయి లోపల తిండి నిషేధం. ఈ రెండూ మన వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

రాత్రి అక్కడే పడుకోవడం ఇంకో పద్ధతి. గోడల వెంబడి పరుపులు వేస్తారు. ప్రతి ఒక్కరి తల దగ్గరా ఒక పూర్వీకుడు నిలబడి ఉంటాడు. ఇక్కడి బళ్లు పిల్లలను ఇలా ఒక రాత్రి మరాయెకు తీసుకెళ్తాయి. మా అమ్మాయి తరగతి వెళ్లినప్పుడు సాయానికి వెళ్లిన తల్లిదండ్రుల్లో నేనూ ఉన్నాను. దీపాలు తగ్గించాక అక్కడి పెద్దాయన ఒక్కో పలక దగ్గరికి నడిచి, అక్కడున్నది ఎవరో, ఏం చేశారో, తనకు ఏమవుతారో చెప్పుకుంటూ వెళ్లారు. ఫోన్లు లేవు, తెర లేదు. ముప్పై మంది పదేళ్ల పిల్లలు కిక్కురుమనలేదు. నిద్ర వచ్చినవాళ్లు కథ మధ్యలోనే నిద్రపోయారు. మన ఇళ్లలో పిల్లలు అలా కథ మధ్యలో నిద్రపోవడం చూసి ఎన్నేళ్లయిందో.

అక్కడికి వెళ్లేముందు పిల్లలకు ఒక హోంవర్క్ ఇచ్చారు. తనను తాను పరిచయం చేసుకునే మావోరీ పద్ధతిని పెపెహా అంటారు. తన కొండ ఏది, తన నీళ్లు ఏవి, తన వాళ్లు ఏ పడవలో వచ్చారు, తన మరాయె ఏది అన్నీ చెప్పాకే చివర పేరు వస్తుంది. మన ప్రవర చెప్పుకోవడం లాంటిదే, కాకపోతే గోత్రం స్థానంలో కొండా నీళ్లూ ఉంటాయి. ఇక్కడి కొండలను మావోరీ కానివాళ్లు తమవని చెప్పుకోవడం మర్యాద కాదు. అందుకని ఎవరి మూలాలు ఎక్కడున్నాయో అక్కడి పేర్లు కనుక్కుని రమ్మన్నారు.

ఆక్లాండ్‌లో పుట్టిన మా అమ్మాయి ములుగు జిల్లాలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసింది. “నానమ్మా, మన నీళ్లు ఏవి?” అని అడిగింది. “రామప్ప చెరువు, బిడ్డా. ఆ నీళ్లతోనే మన పొలం పారింది, మీ నాయిన ఈత నేర్చుకున్నడు” అంది అమ్మ. తర్వాత గంటసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. చెరువు నుంచి గుడికి, గుడి నుంచి మేడారానికి వెళ్లింది మాట. వాళ్లిద్దరూ అంతసేపు ఫోన్లో మాట్లాడుకోవడం అదే మొదటిసారి. బడి ఒక ప్రశ్న అడిగితే తప్ప మా ఇంట్లో ఆ కథ బయటికి రాలేదు.

తిరగేసి కట్టిన ఇల్లు

ఇంటి నుంచి మనుషులను విడదీస్తే ఏమవుతుందో చెప్పే చరిత్ర కూడా ఇక్కడ ఉంది. ఉత్తర ద్వీపం తూర్పు తీరాన ఫకటానె అనే ఊరుంది. ఊరి పేరుకు ఒక కథ. మాటాటువా అనే పడవలో వలస వచ్చిన మగవాళ్లు ఒడ్డుకు దిగి ఊరు చూడటానికి వెళ్లారట. ఆడవాళ్లు ఉన్న పడవ అలలకు కొట్టుకుపోసాగింది. తెడ్డు ఆడవాళ్లు ముట్టకూడదని కట్టడి. పడవ నాయకుడి కూతురు వైరాకా మగవాడిలా నిలబడతానని చెప్పి తెడ్డు పట్టి అందరినీ కాపాడింది. ఆమె అన్న మాటే ఊరి పేరైంది. ఆ నది సముద్రంలో కలిసే చోట బండ మీద ఆమె విగ్రహం ఉంది.

ఆ పడవ పేరుతో అక్కడి న్గాటి అవా తెగ 1875లో ఒక ఫరెనుయి కట్టుకుంది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1866లో ప్రభుత్వం వాళ్ల భూములు జప్తు చేసింది. భూమి పోయిన జనం మళ్లీ ఒక్కటయ్యేందుకు కట్టుకున్న ఇల్లది. 1879లో ప్రభుత్వం దాన్ని విప్పి సిడ్నీలో అంతర్జాతీయ ప్రదర్శనకు పంపింది. అక్కడ దాన్ని తిరగేసి కట్టారు. లోపలి చెక్కడాలు బయటికి, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా. లోపల కూర్చున్నవాళ్లను చుట్టూ నిలబడి చూసుకోవాల్సిన పూర్వీకులు వీధి వైపు తిరిగి నిలబడ్డారు. ఒళ్లోకి తీసుకోవాల్సిన ఇల్లు చూడటానికి మాత్రమే మిగిలింది.

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్, అక్కడి నుంచి లండన్. అక్కడ ఎక్కువకాలం గోదాములో పడి ఉండి, 1924లో వెంబ్లీ ప్రదర్శనలో మళ్లీ నిలిచింది. 1925లో డునెడిన్ ప్రదర్శన కోసం న్యూజిలాండ్‌కు తిరిగొచ్చింది గానీ సొంత ఊరికి రాలేదు. ఒటాగో మ్యూజియంలో పెట్టారు. గదికి సరిపోయేలా చెక్కడాలను కోశారు కూడా. తెగవాళ్లు అడుగుతూనే ఉన్నారు. 1996లో ఇంటిని తిరిగి ఇచ్చే ఒప్పందం కుదిరింది. మరమ్మతులన్నీ అయ్యి, 2011 సెప్టెంబరులో ఫకటానెలో మళ్లీ తలుపు తెరుచుకుంది. సిడ్నీకి వెళ్లిన ఏడాది నుంచి లెక్కపెడితే 132 ఏళ్లు. తీసుకెళ్లేటప్పుడు ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఇల్లు ఎవరిదో, ఏ పలక ఎవరో చెప్పే నోళ్లు మాత్రం మిగిలాయి. అందుకే అది మళ్లీ ఇల్లు కాగలిగింది.

బ్రిటన్‌లో, అమెరికాలో ఉన్న మన పాఠకులు ఇలాంటి ఇళ్లను దగ్గర్లోనే తలచుకోవచ్చు. న్యూజిలాండ్‌లో టె వైరోవా అనే ఊళ్లో 1881లో హినెమిహి అనే ఇల్లు వెలసింది. అప్పట్లో అక్కడికి యాత్రికుల రాకపోకలు ఎక్కువ, ఊరికి డబ్బు బాగా వచ్చేది. అందుకే బొమ్మల కళ్లకు మామూలుగా పెట్టే ఆల్చిప్ప బదులు బంగారు నాణేలు పెట్టారని చెబుతారు. 1886 జూన్ 10న టరవేరా అగ్నిపర్వతం పేలి ఊరంతా బురదలో కూరుకుపోయింది. ఆ ఇంట్లో తలదాచుకున్నవాళ్లు బతికారు. 1892లో అప్పటి గవర్నర్ లార్డ్ ఆన్‌స్లో దాన్ని 50 పౌండ్లకు కొని, ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలోని తన క్లాండన్ పార్క్ తోటకు పంపించాడు. విశేషమేమంటే, అక్కడ కూడా ఆ ఇల్లు ఒంటరి కాలేదు. లండన్‌లో బతుకుతున్న మావోరీలు అక్కడికి వెళ్లి పాటలు పాడుకుంటూ, పండుగలు చేసుకుంటూ వచ్చారు. పరాయి దేశంలో అది వాళ్లకు మరాయె అయింది. ఆ చెక్కడాలను తిరిగి పంపి, వాటి బదులు కొత్తగా చెక్కినవి తీసుకునేందుకు నేషనల్ ట్రస్ట్ ఒప్పుకుంది.

షికాగో ఫీల్డ్ మ్యూజియంలో టోకోమారు బే నుంచి వచ్చిన మరో ఇల్లుంది. మ్యూజియం దాన్ని 1905లో కొన్నది. దాని పేరు రువాటెపుపుకె. సముద్రం అడుగు నుంచి మూగ స్తంభాలు తెచ్చిన ఆ తండ్రి పేరే. షికాగో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో. పిల్లలను డైనోసార్ చూపించడానికి ఆ మ్యూజియానికి తీసుకెళ్తూనే ఉంటారు. ఈసారి ఆ ఇంటి ముందు కూడా ఆగండి. స్తంభాలు ఎందుకు మాట్లాడవో మీకిప్పుడు తెలుసు కాబట్టి పిల్లలకు మీరే చెప్పండి.

ఉలి పట్టే చెయ్యి

20వ శతాబ్దం మొదటికి మావోరీలలో చెక్కడం తెలిసిన పెద్దలు తగ్గిపోయారు. చాలాచోట్ల ఇళ్లు పాతబడ్డాయి, కొత్తవి కట్టేవాళ్లు లేరు. పార్లమెంటు సభ్యుడు, మంత్రి అయిన అపిరానా న్గాటా దీనికి మ్యూజియం పరిష్కారం కాదనుకున్నారు. 1926లో చట్టం తెచ్చి, రోటోరువాలో మావోరీ కళల బడి పెట్టించారు. అక్కడ చేరిన కుర్రాళ్లలో పైనె టైయాపా ఒకరు. బాడిసె పట్టడంలోని మెలకువలు ఎరమిహా కపువా అనే పాత తరం శిల్పి దగ్గర నేర్చుకున్నారు. ఆ బడి వాళ్లు ఊరూరా తిరిగి, అక్కడి జనంతోనే తడికలు అల్లించి, వాసాలకు రంగులు వేయించి ఇళ్లు నిలబెట్టారు. 1840 ఫిబ్రవరి 6న ఒప్పందం జరిగిన వైటంగిలో, సరిగ్గా నూరేళ్లకు, 1940 ఫిబ్రవరి 6న తెరిచిన ఇంటికి చెక్కడాల పెద్ద పైనె టైయాపాయే. అది ఏ ఒక్క తెగదీ కాదు. దేశంలోని తెగల పూర్వీకులందరూ ఒకే కప్పు కింద నిలబడ్డారు.

ఇది గమనించాల్సిన విషయం. న్గాటా ఇళ్లను కాపాడలేదు, ఇళ్లు కట్టే చేతులను కాపాడారు. ఇల్లు కాలిపోవచ్చు, కూలిపోవచ్చు. చెయ్యి ఉంటే మళ్లీ లేస్తుంది. ఈ రోజు దేశంలో కొత్త గ్రంథాలయాలు, కార్యాలయాలు కట్టేటప్పుడు కూడా ఆ నేల తాలూకు తెగను ముందే కూర్చోబెట్టి మాట్లాడటం పెరిగింది. క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం తర్వాత 2018లో తెరిచిన కేంద్ర గ్రంథాలయానికి టూరంగా అని అక్కడి తెగ పూర్వీకుల ఊరి పేరు పెట్టారు. టూహోయె తెగ 2014లో కట్టుకున్న టె కురా ఫరె తన కరెంటు తానే ఉత్పత్తి చేసుకుంటుంది. కొత్త పద్ధతి, పాత కథ ఒకదానికొకటి అడ్డం కావని ఆ భవనం చూస్తే తెలుస్తుంది.

ఊరు వదిలినవాళ్ల మరాయె

మనకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించే కథ ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మావోరీ కుటుంబాలు పని కోసం పల్లెలు వదిలి ఆక్లాండ్, వెల్లింగ్టన్ లాంటి నగరాలకు వచ్చాయి. ఒకటి రెండు తరాల్లో పిల్లలకు భాష పోయింది, తమ కొండ ఏదో తెలియకుండా పోయింది. సొంత దేశంలోనే వాళ్లు ప్రవాసులయ్యారు. మరి నగరంలో మరాయె ఎవరి తాత పేరున కట్టాలి? ఒక్కొక్కరిదీ ఒక్కో తెగ కదా?

పశ్చిమ ఆక్లాండ్‌లో 1980లో తెరుచుకున్న హోవాని వైటిటి మరాయె దీనికి ఒక జవాబు. దాని పేరు మావోరీ పాఠ్యపుస్తకాలు రాసి, 1965లో చిన్న వయసులోనే కన్నుమూసిన ఒక ఉపాధ్యాయుడిది. ఏ తెగ తాత పేరూ పెట్టకుండా, భాష నేర్పిన పంతులు పేరు పెట్టుకున్నారు. లోపలి ఫరెనుయి పేరు ‘న్గా టూమనాకో’, అంటే ఆశలు. గతం రకరకాలుగా ఉన్నవాళ్లు, కోరుకునేది ఒకటేనని ఆ పేరు పెట్టుకున్నారు. 1985లో పూర్తిగా మావోరీ మాధ్యమంలో చదువు చెప్పే తొలి బడి మొదలైంది కూడా ఆ ఆవరణలోనే. ఇల్లు ముందు వచ్చింది, భాష దాని నీడన లేచింది.

మన సంగతి

మా ములుగు జిల్లాలో ఈ రెండు సగాలూ పక్కపక్కనే ఉన్నాయి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారు. దేవుడి పేరును, కట్టించినవాడి పేరును దాటి, చెక్కిన చేతి పేరు నిలిచిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుడి స్తంభాల నిండా కథలే. కానీ సెలవుల్లో వెళ్లే మన కుటుంబాలు అరగంటలో ఫొటోలు దిగి వచ్చేస్తాయి. ఏ బొమ్మ ఏమిటో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. వసారా స్తంభాల్లా మూగగా నిలబడి ఉన్నాయవి.

అదే జిల్లాలో మేడారం. అక్కడ రాతి గుడి లేదు, విగ్రహం లేదు. చెట్టు కింద గద్దెలు. రెండేళ్లకోసారి కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తీసుకొస్తారు. ఆ దారే కథ, ఆ నడకే పుస్తకం. లక్షల మందికి ఆ కథ తెలుసు. చెరియాల నకాషీ చిత్రపటాలదీ ఇలాంటి సంగతే. గజాల కొద్దీ పొడవున్న బట్ట మీద బొమ్మలు వేసి, చుట్టి, ఊరూరా విప్పుతూ కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల చేతిలో ఉండేవి అవే. చెప్పేవాళ్లు తగ్గిపోయాక ఆ పటం కురచబడి, ఒక్క బొమ్మగా మన డ్రాయింగ్ రూముల్లోకి వచ్చింది. అందంగా ఉంది. కథలో ముందూ వెనకా ఏమైందో దానికి తెలియదు.

కాబట్టి మనం విదేశాల్లో భవనం కట్టుకునేటప్పుడు మావోరీ చెక్కడాలను అరువు తెచ్చుకోనక్కర్లేదు. తెచ్చుకోకూడదు కూడా, అవి వాళ్ల తాతల ముఖాలు. నేర్చుకోవాల్సింది పద్ధతి. ఆర్కిటెక్టును పిలవడానికి ముందే ప్రతి కుటుంబాన్నీ మూడు ప్రశ్నలు అడగవచ్చు. మీ చెరువో ఏరో ఏది, మీ గుట్ట ఏది, మీ ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఏది? శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, చిత్తూరు నుంచి ఖమ్మం దాకా జవాబులు వస్తాయి. రాష్ట్రాలు రెండైనా, యాసలు నాలుగైనా, గోడ ఒక్కటే. ఆ జవాబుల్లోంచే స్తంభాలు, పటాలు, ద్వారబంధాలు తయారవ్వాలి. మహాబలిపురం నుంచి రెడీమేడ్ బొమ్మలు ఆర్డర్ ఇచ్చే ముందు చెరియాల నుంచి ఒక చిత్రకారుడిని, నిమ్మలకుంట నుంచి ఒక తోలుబొమ్మల కళాకారుడిని మూడు నెలలు పిలిపించి, పిల్లలను పక్కన కూర్చోబెట్టవచ్చు. పిల్లవాడు రంగు వేసిన గోడను పెద్దయ్యాక కూడా వదలడు.

ఒక గోడ మాత్రం ఈ నేలకు ఉండాలి. మనం కట్టేది ఎవరి కొండ నీడలో, ఎవరి నీటి ఒడ్డున అన్నది అక్కడి తెగనే అడిగి, వాళ్లు ఒప్పుకున్న మేరకు చెప్పాలి. అతిథి ముందు తన పేరు చెప్పి, ఇంటివాళ్ల పేరు అడగడం మనకూ మర్యాదే.

ఇక రెండో సగం. ఉగాదికి సినిమా పాటల డ్యాన్సులు ఉండనివ్వండి. వాటితో పాటు ఏడాదికి ఒక రాత్రి ఆ భవనంలో అందరం చాపలు వేసుకుని పడుకుందాం. అమ్మమ్మలు, తాతయ్యలు విజిటర్ వీసా మీద వచ్చిన నెలల్లోనే ఆ రాత్రి పెట్టుకుందాం. ఒక్కో గోడ దగ్గర ఒక్కొక్కరు నిలబడి, తమ ఊరి కథ తమ యాసలోనే చెప్పాలి. తెలుగు అంతంత మాత్రంగా వచ్చిన పిల్లలకు పటం సగం చెబుతుంది, అమ్మమ్మ మిగతా సగం చెబుతుంది. వచ్చే ఏడాది అదే గోడ దగ్గర అదే కథ ఒక పిల్ల చెప్పాలి. తప్పులు చెప్పినా సరే.

వచ్చే నెల మా సంఘం సమావేశం ఉంది. అజెండాలో పార్కింగ్, వంటగది, విరాళాలు ఎలాగూ ఉంటాయి. నాలుగో అంశంగా ‘గోడ మీద ఏముండాలి’ అని చేర్చమని కోరాను. మీ ఊళ్లోనూ భవనం మాట నడుస్తుంటే, కాంక్రీటు పోయక ముందే ఆ మాట ఎత్తండి. పోశాక ఎత్తితే గోడకు ఫొటో తగిలించడం తప్ప ఏమీ మిగలదు.